విభాగం సర్వర్లు మనమే నడుపుకోవాలా? మెయిలు ఇచ్చేయండి, పేరు మాత్రం వదలకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అరవై మంది అధ్యాపకులు, ఎనిమిది వందల మంది విద్యార్థులు ఉన్న విశ్వవిద్యాలయ విభాగం. మెయిలు, వెబ్‌సైటు, డీఎన్ఎస్ (పేరు అడిగితే ఆ యంత్రం చిరునామా చెప్పే వ్యవస్థ), ఫైల్ సర్వరు, విద్యార్థులు లాగిన్ అయ్యే యంత్రాలు ఇరవై ఏళ్లుగా మీ సర్వరు గదిలోనే నడుస్తున్నాయి. నడిపేది మీరూ మీ సీనియరూ. ఆయన వచ్చే ఏడాది పదవీ విరమణ చేస్తున్నారు. కేంద్ర ఐటీ వాళ్లు అన్నీ తమకు అప్పగించమంటున్నారు. విభాగాధిపతి మీ అభిప్రాయం రాసి ఇవ్వమన్నారు. ఏమని రాయాలి?

నేను ఇరవై రెండేళ్లు ఒక విభాగంలో ఇదే ఉద్యోగం చేశాను. ఒకప్పుడు అన్నీ మన గదిలోనే ఉండాలని సమావేశాల్లో గొంతు చించుకున్నవాణ్ని. తర్వాత సగం నా చేతులతోనే బయటికి పంపినవాణ్ని. పంపిన తీరులో రెండు చోట్ల చేసిన తప్పులకు ఇప్పటికీ బాధపడుతున్నాను. మెయిలు మాత్రం ఇంకో ఐదేళ్ల ముందే పంపి ఉండాల్సింది.

కాబట్టి నా సమాధానం: మెయిలు పెట్టెలు ఇచ్చేయండి. డొమైన్ పేరు, దాని డీఎన్ఎస్ మీ చేతిలోనే ఉంచుకోండి. పరిశోధనను ఆనుకుని ఉండే యంత్రాలు, నిల్వ ఉంచుకోండి. వెబ్‌సైటు ఎటైనా ఫరవాలేదు, కానీ పాత చిరునామాలు చెడకూడదు. ఇదంతా ఒక షరతు మీద చెబుతున్నాను. మీ సీనియర్ స్థానంలో మరో మనిషి రావాలి. ఆ పోస్టు నింపబోమని యాజమాన్యం తేల్చేస్తే, డీఎన్ఎస్ తప్ప అన్నీ ఇచ్చేయండి. ఒంటిగా మోయడానికి ఒప్పుకోకండి.

ముందు ఆ షరతు సంగతే చెబుతాను. ఈ చర్చను అందరూ డబ్బు లెక్కతో మొదలుపెడతారు. సర్వరు ధర, కరెంటు, యూపీఎస్ బ్యాటరీలు ఒకవైపు, క్లౌడ్ చందా మరోవైపు వేసి పట్టిక గీస్తారు. ఆ పట్టికలో రాత్రి పదకొండు గంటలకు ఫోను ఎవరు ఎత్తుతారన్న వరుస ఉండదు. ఎందుకంటే ఎత్తేవాళ్లు ఇప్పటికే ఉన్నారు, జీతం ఎలాగూ ఇస్తున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, సజావుగా నడిచినన్నాళ్లు మీ పని ఎవరికీ కనిపించదు. ఇద్దరు నడిపితే ఒకరు సెలవు పెట్టవచ్చు, ఒకరు చేసిన మార్పును మరొకరు చూడవచ్చు. ఒక్కరే నడిపితే ఆయనకు జ్వరం వచ్చిన రోజు విభాగానికంతా జ్వరం.

మీ ఇద్దరికీ ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. సీనియర్‌ను వారం రోజులు సెలవు పెట్టి ఫోను ఆపేయమనండి. ఆ వారంలో మీరు ఒక ఖాళీ యంత్రం తీసుకుని, బ్యాకప్‌ల నుంచి మాత్రమే వెబ్‌సైటును, దాని డేటాబేసును మళ్లీ నిలబెట్టండి. ఎక్కడ ఆగిపోయారో, ఏ పాస్‌వర్డు దొరకలేదో, ఏ మెట్టు ఎక్కడా రాసి లేదో కాగితం మీద పెట్టండి. విభాగాధిపతికి ఇవ్వాల్సిన నివేదికలో సగం ఆ కాగితమే.

ఈ సలహా నాకు ఊరికే తట్టలేదు. మా దగ్గర రోజూ రాత్రి రెండింటికి డేటాబేసు బ్యాకప్ జరిగేది. కమాండు డేటాను బయటికి తీసి, జీజిప్ అనే ప్రోగ్రాముతో కుదించి, ఆ రోజు తేదీతో ఒక ఫైలు రాసేది. ప్రతి ఉదయం ఫైలు ఉందో లేదో చూసుకునేవాళ్లం. ఉండేది. ఒకరోజు ఒక విద్యార్థిని మార్కుల పట్టిక పాడైందని పాత ఫైలు తెరవబోయాను. పరిమాణం చూస్తే 20 బైట్లు. ముందు రోజుది కూడా 20. అంతకు ముందు రోజుది కూడా అంతే. వెనక్కి వెళ్లగా వెళ్లగా నాలుగు నెలల ముందు గానీ అసలు ఫైలు దొరకలేదు. నాలుగు నెలల కిందట ఎవరో (ఆ ఎవరో నేనే) డేటాబేసు పాస్‌వర్డు మార్చారు. డేటా తీసే కమాండు విఫలమవుతోంది. దాని పక్కనున్న జీజిప్ మాత్రం ఏమీ లేనిదాన్ని శ్రద్ధగా కుదించి, తన పని సక్రమంగా ముగిసిందని చెబుతోంది. ఏమీ లేనిదాన్ని కుదిస్తే వచ్చేది సరిగ్గా 20 బైట్లు. ఆ అంకె నేను మరచిపోలేదు. ఇద్దరం ఉన్నాం కాబట్టి, రెండో ఆయన వేరే పని కోసం ఆ పట్టికను తన యంత్రంలోకి దింపుకుని ఉండబట్టి ఆ రోజు బయటపడ్డాం.

ఇక మెయిలు. దీని గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీకు మనసు ఒప్పనిది ఇదేనని మీ ప్రశ్న చదివితే తెలుస్తోంది.

ఒక శుక్రవారం సాయంత్రం మా అధ్యాపకులొకరు "మీ మెయిలు నిల్వ నిండిపోయింది, ఇక్కడ నొక్కండి" అన్న ఉత్తరాన్ని నమ్మి పాస్‌వర్డు ఇచ్చేశారు. శనివారం ఉదయం నేను వేరే పని మీద లాగిన్ అయి, అలవాటు కొద్దీ మెయిలు క్యూ (పంపడానికి వేచి ఉన్న ఉత్తరాల వరుస) ఎంతుందో చూశాను. మామూలుగా ముప్పయ్యో నలభయ్యో ఉంటుంది. ఆ రోజు అంకె తెర మీదకు రావడానికే అర నిమిషం పట్టింది. అరవై ఒక్క వేల చిల్లర. మళ్లీ అడిగితే ఇంకో నాలుగు వందలు పెరిగింది. ఖాతా మూసి, క్యూ తుడిచి, పాస్‌వర్డు మార్చడానికి గంట చాలింది. అప్పటికే మా సర్వరు ఐపీ చిరునామా మూడు స్పామ్ జాబితాలకు ఎక్కింది. రెండింటి నుంచి రెండు రోజుల్లో దిగింది. ఒక పెద్ద మెయిలు సంస్థ మాత్రం ఎందుకు ఆపుతోందో చెప్పదు, ఎప్పుడు వదులుతుందో చెప్పదు. ఫారం నింపితే యంత్రం రాసిన జవాబు వస్తుంది. పదకొండు రోజులు మా ప్రవేశాల కమిటీ పంపిన ఉత్తరాలు సగం మందికి అందలేదు. తిరిగి వచ్చినవి నయం, కనీసం తెలిసింది. మిగతావి స్పామ్ పెట్టెలో పడ్డాయని విద్యార్థులు ఫోను చేస్తేనే తెలిసింది.

1982లో ఆర్‌ఎఫ్‌సీ 821గా (ఇంటర్నెట్ పద్ధతులు రాసే పత్రాల వరుసలో ఒకటి) వచ్చిన ఎస్‌ఎంటీపీ, అంటే మెయిలు పంపే పద్ధతి, ఏ యంత్రం ఏ యంత్రానికైనా ఉత్తరం అందించవచ్చన్న నమ్మకం మీద కట్టినది. ఆ నమ్మకం చెల్లి చాలా కాలమైంది. దాని మీద ఏ సర్వర్లు మీ పేరుతో పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్, ఉత్తరానికి డిజిటల్ సంతకం పెట్టే డీకిమ్, వాటి పైన 2012లో ఆ పరీక్షలు తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ వచ్చి చేరాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ నిబంధన ఇంకా గట్టిపడింది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు పంపేవాళ్లు ఈ మూడూ పెట్టుకోవాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంతకంటే తక్కువ పంపేవాళ్లకు కూడా ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ, సరైన రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ చిరునామా నుంచి పేరు చెప్పే వరుస) తప్పనిసరి. యాహూ కూడా అదే సమయంలో దాదాపు అవే నిబంధనలు తెచ్చింది. ఇవన్నీ మీరు చేయగలరు, ఇప్పటికే చేసి ఉంటారు. చిక్కేమిటంటే అన్నీ సక్రమంగా చేసినా మీ ఉత్తరం అవతలి పెట్టెలో పడుతుందన్న హామీ లేదు. మిగతా సేవలన్నింటిలో తప్పు జరిగితే దిద్దుకోవడం మీ చేతిలో ఉంటుంది. మెయిలులో మీ పరువు ఎవరో ముక్కూ మొహం తెలియని యంత్రం చేతిలో ఉంటుంది.

భద్రత సంగతి సరేసరి. 2021 మార్చిలో మైక్రోసాఫ్ట్ వారి మెయిలు సాఫ్ట్‌వేరు ఎక్స్చేంజ్ సర్వర్లలో బయటపడిన లోపాలు గుర్తుండే ఉంటాయి. సొంత గదుల్లో నడుస్తున్న ఎక్స్చేంజ్ సర్వర్లే వాటి బారిన పడ్డాయి, అదే సంస్థ క్లౌడ్‌లో నడిపే మెయిలు సేవకు ఆ దెబ్బ తగలలేదు. మీరు పోస్ట్‌ఫిక్స్ అనే వేరే మెయిలు సాఫ్ట్‌వేరు వాడుతుంటే ఆ ప్రమాదం లేదు, నిజమే. కానీ సరిదిద్దే ప్యాచ్ వచ్చిన రోజు మీరు దూర ప్రయాణంలో ఉంటే ఏమిటన్నది ఏ సాఫ్ట్‌వేరుకైనా ఒకటే ప్రశ్న.

అయితే మెయిలు ఇచ్చేటప్పుడు కళ్లు తెరుచుకుని ఇవ్వండి. పోయేవి ఉంటాయి. మొదటిది లాగ్, అంటే సర్వరు రాసిపెట్టుకునే నమోదు. "నా ఉత్తరం అవతలికి చేరలేదు" అని అధ్యాపకుడు మీ గదికి వస్తే ఇప్పుడు రెండు నిమిషాల్లో లాగ్‌లో వెతికి, అవతలి సర్వరు ఎన్ని గంటలకు ఏ సంకేతంతో తీసుకుందో చూపిస్తారు. రేపు టికెట్ పెట్టి ఎదురుచూడాలి. దానికి మీరు అలవాటు పడతారు, ఆయన పడరు. రెండోది, అద్దె ఇంటి నిబంధనలు యజమాని మారుస్తాడు. గూగుల్ విద్యాసంస్థలకు ఇచ్చిన అపరిమిత నిల్వను తీసేస్తున్నట్టు 2021 ఫిబ్రవరిలో ప్రకటించి, అప్పటికే వాడుతున్నవాళ్లకు 2022 జులై నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్ల పరిమితి పెట్టింది. అపరిమితం అన్న మాటను నమ్మి పరిశోధన డేటా అంతా అక్కడ పోసినవాళ్ల అవస్థ ఊహించుకోండి.

మూడోది అందరూ మరచిపోయేది. మనుషులు పంపే మెయిలు వెళ్లిపోయినా యంత్రాలు పంపే మెయిలు ఉంటుంది. డిస్కు పాడవుతోందన్న హెచ్చరిక, గణన యంత్రంలో పని ముగిసిందన్న కబురు, రాత్రిపూట క్రాన్ (చెప్పిన వేళకు తనంతట నడిచే) పనుల ఫలితాలు. వీటి కోసం లోపలి యంత్రాల నుంచి తీసుకుని విశ్వవిద్యాలయం మెయిలు గేట్‌వేకి అందించే చిన్న రిలే ఒకటి ఉంచుకోండి. బయటి ప్రపంచంతో నేరుగా మాట్లాడనివ్వకండి. మెయిలింగ్ జాబితాలు (ఒకరి ఉత్తరాన్ని సభ్యులందరికీ తిరిగి పంపేవి) కూడా జాగ్రత్త. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డీమార్క్ విధానాన్ని "తిరస్కరించు" అని మార్చగానే ప్రపంచవ్యాప్తంగా జాబితాలు తడబడ్డాయి. జాబితాలు నడిపే సాఫ్ట్‌వేరు, ఇప్పటి మెయిల్‌మ్యాన్ 3, దానికి తగిన సర్దుబాట్లు చేస్తుంది. మీది ఇంకా పైథాన్ 2 మీద నడిచే పాత మెయిల్‌మ్యాన్ అయితే దాన్ని పట్టుకుని వేలాడకండి.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. మా విభాగంలో రిటైరైన ఆచార్యుల ఖాతాలు ఎప్పుడూ మూసేవాళ్లం కాదు. అలా మూయకపోవడం మాకో నియమమని కూడా తెలియదు, అలా నడిచిపోయేది. కేంద్ర వ్యవస్థలో ఖాతా ఉద్యోగ రికార్డుకు ముడిపడి ఉంటుంది. మార్చిన మూడో నెలలో పదిహేడు మంది పెద్దల పెట్టెలు ఒకే రాత్రి మూతబడ్డాయి. వాళ్ల వ్యాసాల మొదటి పుటలో అచ్చయిన చిరునామాలు అవి. ఎనభై దాటిన ఒక ఆచార్యులు స్వయంగా గదికి వచ్చి, "నేను పోయానని ఎవరైనా చెప్పారా బాబూ?" అని అడిగారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నేను తలెత్తలేకపోయాను. రిటైరైనవారు, అతిథి పరిశోధకులు, పట్టా పుచ్చుకుని వెళ్లిపోయినా వ్యాసం పనిలో ఉన్న విద్యార్థులు: ఈ ముగ్గురి సంగతి కేంద్ర ఐటీతో ముందే కాగితం మీద రాయించుకోండి.

డీఎన్ఎస్ ఎందుకు వదలకూడదు? మీది విశ్వవిద్యాలయం డొమైను కింద ఉన్న ఉపడొమైను అయి ఉంటుంది. పై నుంచి మీ నేమ్ సర్వర్లకు (డీఎన్ఎస్ జవాబులిచ్చే యంత్రాలు) డెలిగేషన్, అంటే ఆ పేర్ల మీద అధికారం అప్పగింత, ఉంటుంది. దాన్ని అలాగే ఉంచమనండి. మెయిలు ఎక్కడికి వెళ్లాలో చెప్పేది ఎంఎక్స్ అనే ఒక్క వరుస. వెబ్‌సైటు ఎక్కడుందో చెప్పేది ఇంకో వరుస. ఆ వరుసలు మీ చేతిలో ఉన్నంతకాలం ఇవాళ ఇచ్చిన సేవను రేపు వెనక్కి తెచ్చుకోవచ్చు, మరొకరికి మార్చవచ్చు. ఉన్నవాటిలో పని తక్కువ, అధికారం ఎక్కువ ఉన్నది ఇదే. ఒక్క సవరణ మాత్రం చేయండి. రెండు నేమ్ సర్వర్లూ ఒకే గదిలో ఒకే స్విచ్ మీద ఉంటే రెండు ఉన్నట్టు కాదు. ఒకటి వేరే భవనంలోనో, ఇంకా మంచిది వేరే నెట్‌వర్కులోనో పెట్టండి. 1997లోనే ఆర్‌ఎఫ్‌సీ 2182 ఈ మాట చెప్పింది. అలాగే సేవలు పడిపోయినప్పుడు చూసుకోవడానికి ఉంచే స్థితి పేజీని, మీ ఫోను నంబర్ల జాబితాను మీ సొంత సర్వర్ల మీదే పెట్టకండి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ఆరు గంటలకు పైగా కనిపించకుండా పోయినప్పుడు ఆ సంస్థ లోపలి పనిముట్లు కూడా పనిచేయలేదు. అంతటివాళ్లకే తప్పలేదు.

వెబ్‌సైటు విషయంలో నాకు పెద్ద పట్టుదల లేదు. విభాగం ముఖచిత్రం లాంటి పేజీలు కేంద్రానికి ఇచ్చేయండి, వాళ్లకు డిజైనర్లున్నారు. అధ్యాపకుల సొంత పేజీలు వేరు. నా రెండో తప్పు అదే. టిల్డా (~) గుర్తుతో మొదలయ్యే పాత చిరునామాలన్నీ ఒక వేసవిలో తీసేసి కొత్త సైటులోకి "మార్చాం". పదిహేనేళ్లుగా ఇతరుల వ్యాసాలు, పాఠ్యప్రణాళికలు చూపిస్తున్న లింకులన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. దారి మళ్లింపులు పెట్టమని అడిగితే కొత్త వ్యవస్థ వందకు మించి ఒప్పుకోదన్నారు. మా దగ్గర పదకొండు వేలకు పైగా ఉన్నాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. కాబట్టి ఆ పేజీలను స్థిరమైన ఫైళ్లుగా, వెనక డేటాబేసు లేకుండా మీ దగ్గరే ఉంచుకోండి. అలా ఉంచితే పెద్ద పోషణ అక్కర్లేదు. సైటు అసలైనదేనని బ్రౌజరుకు చూపే సర్టిఫికెట్ల పునరుద్ధరణ మాత్రం యంత్రానికే అప్పగించాలి. వాటి గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100 రోజులు, 2029 మార్చి నుంచి 47 రోజులు. క్యాలెండరులో గుర్తు పెట్టుకుని చేతితో మార్చే రోజులు పోయాయి.

పరిశోధన యంత్రాల సంగతికి వస్తే, ఇక్కడ మీరు గట్టిగా నిలబడాలి. సెకనుకు ఒక గిగాబిట్ లైనును పూర్తిగా దానికే ఇచ్చినా 20 టెరాబైట్లు కదలడానికి దాదాపు 45 గంటలు పడుతుంది. డేటా ఎక్కడ పుడుతుందో లెక్క కట్టే యంత్రం దాని పక్కన ఉండటమే మేలు. క్లౌడ్‌లో పెట్టిన డేటాను వెనక్కి తెచ్చుకోవడానికి మళ్లీ రుసుము ఉంటుందన్నది చాలామంది బిల్లు వచ్చాకే చూస్తారు. ఇంకో సంగతి. ఒక విద్యార్థి వచ్చి "ఒక పోర్టు (బయటి నుంచి యంత్రంలోకి దారి) తెరవండి, ఒక ప్రయోగం చేసి చూస్తాను" అంటే మధ్యాహ్నానికల్లా తెరిచి ఇవ్వగలిగేది విభాగం సర్వరు గది ఒక్కటే. భౌతిక శాస్త్రవేత్తలు వ్యాసాల ముద్రణకు ముందే పంచుకునే ఆర్కైవ్ 1991 ఆగస్టులో లాస్ అలమోస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ నడిపిన మెయిలు సర్వరుగా మొదలైంది. దానికి ముందు ఏ కేంద్ర కమిటీకైనా దరఖాస్తు పెట్టుకోమని ఉంటే ఏమయ్యేదో.

సొంతంగా నడిపినా, అద్దెకు తీసుకున్నా బ్యాకప్ మాత్రం మీదే. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా కేంద్రం కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్న ఖాతాదారులకు రెండూ పోయాయి. సొంత గదిలోనూ అదే నీతి. మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం మీద 2019 డిసెంబరు 23న రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే) దాడి జరిగినప్పుడు నెట్‌వర్కుకు తగిలించి ఉన్న బ్యాకప్‌లు కొన్ని కూడా తాళం పడ్డాయి. చివరికి వాళ్లు 30 బిట్‌కాయిన్లు చెల్లించారు. ఒక ప్రతి ఎప్పుడూ నెట్‌వర్కు నుంచి విడిగా, వేరే భవనంలో ఉండాలి. ఒక డిస్కు పోయినా నడిచేలా కలిపిన రెయిడ్ డిస్కులను చూపించి "బ్యాకప్ ఉంది" అనేవాళ్లను నమ్మకండి.

విభాగాధిపతికి రాసేటప్పుడు "మేము బాగా నడుపుతున్నాం, కాబట్టి ఉంచండి" అని రాయకండి. ప్రతి సేవకూ ఒక పేరా చాలు: ఎవరు వాడుతున్నారు, ఆగితే ఎన్ని గంటల్లో ఎవరికి తగులుతుంది, నడపడం తెలిసినవాళ్లు ఎంతమంది, ఇచ్చేస్తే వెనక్కి తెచ్చుకోగలమా. ఇచ్చేవాటికి కనీసం ఒక సెమిస్టరు రెండు వ్యవస్థలూ పక్కపక్కన నడవాలని, పాత సర్వరు ఏడాది పాటు చదవడానికి మాత్రమే అందుబాటులో ఉండాలని రాయండి. మార్పిడి పరీక్షల కాలంలో గానీ ప్రవేశాల కాలంలో గానీ పెట్టవద్దని రాయండి. ఇది రాయాల్సిన అవసరమేమిటి అనిపిస్తుంది. రాయండి.

ఇంతకంటే తొందర పని ఒకటుంది. మీ సీనియర్ ఉండగానే ఆయనతో కలిసి సర్వరు గదిలో ఒక మధ్యాహ్నం గడపండి. ప్రతి పెట్టె ముందూ నిలబడి ఇది ఎందుకుందని అడగండి. మా దగ్గర బల్ల కింద ఒక పాత డెస్క్‌టాప్ ఉండేది, దాని మీద "ఆపవద్దు" అని చేతిరాతతో చీటీ అంటించి ఉండేది. రాసినాయన రిటైరై వెళ్లిపోయారు. రెండేళ్లు దాని చుట్టూ ఊడ్చాం. చివరికి ధైర్యం చేసి ఆపాను. ఏమీ కాలేదు. మూడో రోజు కింది అంతస్తు ప్రయోగశాల నుంచి ఫోను. వాళ్ల పరికరం కొలతలన్నింటికీ తేదీ తప్పు వేస్తోంది. ఆ పెట్టె చేస్తున్న పని ఆ ఒక్క పరికరానికి సరైన సమయం చెప్పడం. తిరిగి ఆన్ చేసి, చీటీ మీద ఆ సంగతి రాసి, కింద తేదీ వేశాను.